గోల్కొండ నవాబు ఆఖరి ఓటమి

ముజఫ్ఫర్ చాచా తన జీవితంలో గోల్కొండ కోటను ఒక్కసారే చూశాడు, అదీ బస్సు కిటికీలోంచి. అయినా ఇంగ్లండులో ఇరవై ఏళ్లకు పైగా ఆయన గోల్కొండ నవాబు. ఊరూరా గోడల మీద పోస్టర్లు అంటించి మరీ నవాబును చేశారు. మన దగ్గర అసలు నవాబుల వారసులు ఆటోలు తోలుకుంటుంటే, కోరుట్లలో బండి లాగే ఎద్దులకు దాణా పెట్టిన పిల్లోడు అక్కడ తలపాగా చుట్టుకొని తివాచీ మీద నడిచాడు. అల్లా తమాషాలు ఇలాగే ఉంటాయి.

చాచా అంటున్నానని నాకు చుట్టం అనుకోకండి. ఖతర్ దేశంలోని అల్ వక్రాలో నేను హౌస్ డ్రైవర్‌గా పనిచేసే ఇంటి శిఫా మేడంకు ఆయన తండ్రి. నాది రాయచోటి, పేరు ఖాసీం. ఆ ఇంట్లో కూతురు ఇంగ్లీషులో మాట్లాడుతుంది, అల్లుడు ఉర్దూలో మాట్లాడతాడు, మనవళ్లు ఫోనుతో తప్ప ఎవరితోనూ మాట్లాడరు. చాచాకు తెలుగు మాట్లాడాలంటే కారెక్కడం తప్ప దారి లేదు. అందుకని పని ఉన్నా లేకపోయినా కారెక్కేవాడు. బండి తోలడానికే నాకు జీతం, కథలు వినడానికి కాదు. ఆ మాట ఒకసారి మొహమాటం లేకుండా అనేశాను కూడా. ఆయన నవ్వి, తర్వాతి కథ మొదలుపెట్టాడు.

కుర్రతనంలో బట్టల మిల్లులో పని దొరికి ఆయన ఇంగ్లండు వెళ్లాడట. అంతకు ముందు కోరుట్ల తాలీంలో కుస్తీ నేర్చిన ఒళ్లు. మిల్లులో బేళ్లు ఎత్తుతుంటే ఎవరో చూసి కుస్తీ పోటీలు నడిపే కంపెనీ యజమాని దగ్గరికి తీసుకెళ్లారు. ఆ దొర ఈయన్ని చుట్టూ తిరిగి చూసి, ఇండియా వాడైతే మహారాజైనా కావాలి, ఫకీరైనా కావాలి, ఫకీరుకు ఇంత పొట్ట ఉండదు కాబట్టి నువ్వు నవాబువి అని తేల్చేశాడు. దొరసాని పాత పరదా చించి తలపాగా చుట్టింది. మూడో రకం ఇండియా వాడు ఉంటాడని ఆ ఇద్దరికీ తట్టినట్టు లేదు.

"గా దినం సంది నేను నవాబును బేటా," అనేవాడు చాచా. "ముంగట ఒకడు అగరొత్తులు పట్టుకోని నడుస్తడు. ఎనుక ఒకడు ఈనెల చీపురుతోని విసురుతడు. నేను రింగుల అడుగువెట్టంగనే జనం ఊళ వెడతరు. అవుతలోడు చెయ్యిస్తె ముట్టుకోను. తాకితె దస్తీతోని తుడ్సుకుంట. ఇగ సూడు, ముసలమ్మలు కుర్సీలు ఎక్కి తిడుతుండె."

ఆ ముసలమ్మల గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారేది. చేతిసంచీలో ఏ ఇనపముక్కో వేసుకొచ్చి నెత్తిన మోదేవారట. టోపీకి గుచ్చుకునే పొడుగు పిన్నులు తీసి, పోతూ పోతూ పిర్రల్లో గుచ్చేవారట. గొడుగులు విరిగేదాకా కొట్టేవారట.

"ముసలమ్మల దెబ్బలొక్కటే నిజం ఖాసీం," అనేవాడు. "కడమదంత మేము మాట్లాడుకున్నదే."

మాట్లాడుకున్నది ఎవరితో అంటే ఆర్థర్‌తో. ఎదుటి పక్షం ఎప్పుడూ ఆర్థరే. ఎర్రగా, ఎత్తుగా, దువ్విన క్రాఫుతో ఉండే 'జెంటిల్మన్ ఆర్థర్'. మంచివాడు, న్యాయంగా ఆడేవాడు, ఆ ఊళ్ల అమ్మలందరికీ కొడుకు లాంటివాడు. వీళ్లిద్దరి ఆటలో గొప్ప ఘట్టం కారప్పొడి. రిఫరీ సరిగ్గా అప్పుడే బూటు లేసు కట్టుకోవడానికి వంగుతాడు. నవాబు తలపాగాలోంచి పిడికెడు కారం తీసి ఆర్థర్ కళ్లలో కొడతాడు. ఆర్థర్ గిలగిలా కొట్టుకుంటాడు. రిఫరీకి తప్ప హాలులో అందరికీ కనిపిస్తుంది, అరుస్తారు, ఆయనకు వినపడదు. కళ్లు కనపడని ఆర్థర్ చేతులతో తడుముకుంటూ, తడుముకుంటూ వచ్చి నవాబును పట్టేసి ఎత్తి కుదేస్తాడు. ధర్మం గెలుస్తుంది. జనం ఏడుస్తూ నవ్వుతూ ఇళ్లకు పోతారు. ఆ కారం ఏమిటంటే, బిస్కెట్లు దంచి ఎర్ర రంగు కలిపిన పొడి.

నాకు ఒళ్లు మండింది. "అంటే మోసమే గదా చాచా. టికెట్ కొన్నోళ్ల చెవుల్లో పూలు పెట్టి పంపించినారు మీరు."

చాచాకు నా కన్నా ఎక్కువ మండింది. "మోసమంటె ఒగడు బాగువడి ఇంకొకడు ఏడ్వాలెరా. మా ఆటల ఎవ్వడు ఏడ్సిండు చెప్పు? ఎవ్వనికి నష్టమైంది?"

నాకేం తెలుసు, నేనప్పటికి పుట్టలేదు. కానీ ఒకటి అడిగాను. ఈ సంగతులు శిఫా మేడంకు కూడా చెప్పని మనిషి నాకెందుకు చెబుతున్నాడని. ఈ విద్యలో మొదటి నియమం అదేనట. అంతా ముందే మాట్లాడుకున్న ఆట అని పెళ్లానికీ పిల్లలకూ కూడా చెప్పకూడదు, చచ్చేదాకా. మరి నాకు?

"నువ్వు చెప్తె ఎవడు నమ్ముతడు బేటా? నీకు చెప్పుడు గోడకు చెప్పినట్టే," అన్నాడు ఎంతో ప్రేమగా.

రెండో నియమం మొదటిదానికన్నా పిచ్చిది. రింగులో శత్రువులైనవాళ్లు బయట ఎక్కడా కలిసి కనపడకూడదు. ఒకే ఊరికి ఒకే ఆటకు పోతున్నా ఒకే రైలు పెట్టె ఎక్కకూడదు. ఒకడు టీ అంగట్లోకి వస్తే రెండోవాడు సగం టీ వదిలేసి లేచిపోవాలి. చాచాకు ఆ దేశంలో ఆర్థర్ కన్నా దగ్గరివాడు లేడు. ఆర్థర్ తల్లి చనిపోతే ఈయన శ్మశానం గోడకు అవతల నిలబడి టోపీ తీశాడట. ఈయన పెళ్లికి ఆర్థర్ పంపిన కానుక మీద పేరు లేదట. ఇంత స్నేహం చేసి, ఇద్దరూ ఒక్క పూట కూడా ఒకే బల్ల దగ్గర అన్నం తినలేదు.

ఇదంతా ఎప్పుడో ఎక్కడో జరిగిన భాగోతం అయితే నాకు బాధ లేదు. ఆ ఆర్థర్ దోహాలోనే ఉన్నాడు.

ఆయన కూతురు సూజన్ మేడం ఇక్కడ ఒక ఇంగ్లీషు బడిలో పెద్ద టీచరు. వెస్ట్ బేలో ఫ్లాట్. తండ్రిని తన దగ్గరికి తెచ్చుకుంది. ఆ కబురు తెలిసిన మరుసటి నెలే మా చాచాకు ఇంగ్లండు చలికి మోకాళ్లు నొప్పి పుట్టాయి. శిఫా మేడం పాపం, నాన్నకు ఎండ కావాలని డాక్టరు చెప్పాడని నమ్మి ఖతర్‌కు రప్పించింది. ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ మోకాళ్లతోనే ఈయన మా ఇంటి మేడ మెట్లు రెండేసి ఎక్కుతాడు.

ప్రతి శుక్రవారం పొద్దున అల్ వక్రా సూక్ బజారు దగ్గర, సముద్రం ఒడ్డున, వీపులు ఆనుకొని ఉండే రెండు బెంచీలున్నాయి. చాచా ఒక బెంచీ మీద సముద్రం వైపు తిరిగి కూర్చుంటాడు. ఆర్థర్ రెండో బెంచీ మీద అంగళ్ల వైపు తిరిగి కూర్చుంటాడు. ఇద్దరి చేతుల్లో చెరో పేపరు, చెరో కరక్ చాయ్. పెదాలు కదలనీయకుండా రెండు గంటలు మాట్లాడుకుంటారు. మధ్యలో ఒకరి భుజాలు కదులుతాయి, నవ్వుతున్నాడన్నమాట. తర్వాత రెండోవారి భుజాలు కదులుతాయి. ఆర్థర్‌ను తెచ్చే డ్రైవర్ నగేష్‌ది అమలాపురం. మేమిద్దరం కార్ల దగ్గర నిలబడి ఈ వినోదం చూసేవాళ్లం.

"మీ ఆయనా మా ఆయనా ఏవైనా ఆస్తి తగాదా పడ్డారంటారా ఖాసీం భాయ్?" అని నగేష్ మొదట్లో అడిగాడు. విషయం చెప్పాను. చాచా అన్నట్టే, నమ్మలేదు.

ఒకసారి నేను ఆగలేకపోయాను. "ఎవురు చూస్తాండారు చాచా ఈడ? ఆ కేరళ చాయ్ వాడా, సముద్రం మీద పిట్టలా? మీ ఇద్దర్నీ గుర్తుపట్టేవాడు ఈ దేశంలో ఒక్కడన్నా ఉన్నాడా? తిరిగి కూర్చోండి, మొగం చూసుకొని మాట్లాడుకోండి. ఎనబై దాటినాయి మీకు!"

"టికెట్ కొన్నోడు ఏడనో ఒకతాన ఉంటడు బేటా," అన్నాడు చాచా.

ఈ పిచ్చికి మందు లేదని వదిలేశాను.

ఒక బుధవారం పొద్దున నగేష్ ఫోన్ చేశాడు. "ఖాసీం భాయ్, మా పెద్దాయన ఆదివారం పడిపోయారండీ. కుడి పక్కంతా పోయింది. మాట కూడా లేదు. ఇంక లాభం లేదన్నారండి డాక్టర్లు. రేపు విమానంలో స్ట్రెచర్ మీద వాళ్ల ఊరు తీసుకెళ్లిపోతున్నారు మేడం గారు. మీ ఆయనకి చెప్పండి."

చెప్పాను. చాచా లోపలికి వెళ్లి కోటు వేసుకొని వచ్చి కారు వెనక సీట్లో కూర్చున్నాడు. ఎప్పుడూ నా పక్కనే కూర్చునే మనిషి. దారి పొడుగునా ఒక్క కథ కూడా చెప్పలేదు. నాకు మొదటిసారి ఆ కథలు వినాలనిపించింది.

ఆసుపత్రిలో గది తలుపు బయటే సూజన్ మేడం నిలబడి ఉంది. అరవైకి దగ్గర పడిన మనిషి, తెల్ల జుట్టు, నిద్ర లేని కళ్లు. నాన్నగారి పాత స్నేహితుడొకరు వస్తున్నారని నగేష్ ముందే చెప్పి ఉన్నాడు. ఆమె నవ్వుతూ రెండడుగులు ముందుకొచ్చి, చాచా ముఖం చూసి ఆగిపోయింది. నవ్వు పోయింది.

"నువ్వా!" అంది.

తర్వాత ఆమె ఇంగ్లీషులో చెప్పినదంతా నాకు అర్థమైంది. పన్నెండేళ్లుగా ఈ దేశంలో అందరి ఇంగ్లీషూ విన్నవాణ్ని, అర్థం కాకపోయి ఉంటే బాగుండేది.

ఆమెకప్పుడు ఎనిమిదేళ్లట. మొదటి వరసలో కూర్చుంది. తలపాగాలోంచి కారం తీసి నాన్న కళ్లలో కొట్టడం తన కళ్లతో చూసింది. ఇంటికొచ్చాక వారం రోజులు నాన్న కళ్లకు కట్టు ఉంది. "నేను బడి మానేసి ఆయన చెయ్యి పట్టుకొని ఇల్లంతా నడిపించాను," అంది. "చెంచాతో తిండి నోట్లో పెట్టాను. రాత్రి లేచి చూసేదాన్ని, కట్టు జారిపోతుందేమోనని. మా నాన్నకు ఇంక చూపు రాదేమోనని దేవుడికి మొక్కాను. నీ ముఖం నేనెలా మరిచిపోతాననుకున్నావు?"

నేను చాచా వైపు చూశాను. ఆయన ముఖం పాలిపోయింది. ఆ కట్టు సంగతి ఆయనకు తెలుసు, ఊళ్లోవాళ్లు చూస్తారని ఆర్థర్ వీధిలో కట్టుకొని తిరిగేవాడని నాకూ చెప్పాడు. ఇంట్లో కూడా విప్పలేదని మాత్రం తెలియదు. నియమం అంటే నియమమే కదా. బిస్కెట్ పొడి కోసం ఒక పసిపిల్ల వారం రోజులు తండ్రికి కళ్లయింది. ఎవరికి నష్టమైందని అడిగినవాడికి జవాబు యాభై ఏళ్ల తర్వాత ఎదురొచ్చి నిలబడింది.

"మా నాన్న దగ్గరికి నిన్ను రానివ్వను," అందామె. "వెళ్లిపో."

తలుపు అద్దంలోంచి మంచం కనిపిస్తూనే ఉంది. దుప్పటి కింద పొడుగాటి పాదాలు. ఇరవై అడుగుల దూరం కూడా లేదు.

నేను చాచా చెవి దగ్గర తెలుగులో గొణిగాను. "చెప్పేయ్ చాచా. అంతా డ్రామా అని చెప్పేయ్. ఇంగ ఎవురి కోసం దాస్తావు? ఒక్క మాట చెప్తే లోపలికి పోతావు గదా."

సరే, ఆయన చెప్పకపోతే నేనే చెబుతానని, "మేడం, అసలు సంగతేమంటే..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. చాచా బూటు మడమ నా కాలి వేళ్ల మీద పడింది. నొప్పికి నాకు మాట ఆగిపోయింది.

"గా పిల్ల నాయినను చెయ్యివట్టి నడిపిచ్చిందిరా," అన్నాడు నా వైపు చూడకుండా. "అది గూడ డ్రామానే అని చెప్పాల్నా?"

అప్పుడు ఆమె ముందు తల వంచాడు. ఇంగ్లీషులో చెప్పాడు. "అవునమ్మా. అది అసలైన కారం. మా దేశం నుంచి తెప్పించాను. మీ నాన్నను న్యాయంగా ఓడించడం నాకెప్పుడూ చేతకాలేదు. అందుకే మోసం చేశాను. అయినా ఆయనే గెలిచాడు. పోయేలోగా ఆయన్ను క్షమాపణ అడగాలని వచ్చాను. ఆ రోజు నుంచి నాకు కంటి నిండా నిద్ర లేదు."

ఆ చివరి మాట కాస్త ఎక్కువైంది. కారెక్కితే పావుగంటలో గురక పెట్టే మనిషి. కానీ సూజన్ మేడం ఆయన్నే చూస్తూ పక్కకు తప్పుకుంది. "ఐదు నిమిషాలు," అంది. "నేను పక్కనే ఉంటాను."

అంటే ఏమైందో చూడండి. లోపలికి పోవడానికి చాచా శత్రువుగా ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ స్నేహితుడి దగ్గర శత్రువులాగే వీడ్కోలు తీసుకోవాలి, కూతురు చూస్తుండగా. చెయ్యి పట్టుకోవడానికి లేదు, నుదురు ముట్టుకోవడానికి లేదు.

ఆర్థర్ కళ్లు తెరిచే ఉన్నాయి. సగం ముఖం జారిపోయింది. చాచాను చూడగానే మిగిలిన సగం ముఖంలోకి వెలుగొచ్చింది. నేను స్పష్టంగా చూశాను. వాళ్లిద్దరూ ఎదురెదురుగా ముఖాలు చూసుకోవడం కూడా నేను చూడటం అదే మొదలు.

"నాన్నా, వీడు నిన్ను క్షమాపణ అడగడానికి వచ్చాడు," అందామె వంగి.

ఆర్థర్ కళ్లు కూతురి వైపు తిరిగాయి, మళ్లీ చాచా వైపు తిరిగాయి. ఆ ముసలాయనకు మాట పోయింది గానీ తెలివి పోలేదు. ఏం జరుగుతోందో ఆయనకు అర్థమైంది. వెలుగు ఆర్పేశాడు. ఒంటి కన్ను చిట్లించి కోపం తెచ్చుకున్నాడు. చాచా మంచం మీదికి వంగగానే, ఎడం చెయ్యి దుప్పటి మీద నుంచి వణుకుతూ లేచి చాచా చెంప మీద పడింది. పడిందని మర్యాదకు అంటున్నాను. ఆ దెబ్బకు దోమ కూడా చచ్చేది కాదు.

చాచా ఎగిరిపోయాడు.

ఎనభై నాలుగేళ్ల మనిషి, కాళ్లు రెండూ గాల్లోకి లేచి, వెనక కుర్చీ మీద పడి, కుర్చీతో సహా దొర్లి, నీళ్ల జగ్గు కింద పడేసి, గోడకు కొట్టుకొని ఆగాడు. ఫిలిప్పీనో నర్సు కేక పెట్టి పరుగెత్తుకొచ్చింది. నిజంగా పడ్డాడో ఆట ఆడాడో ఈ రోజుకీ నాకు తెలియదు, అడిగితే ఆయన చెప్పడు. సూజన్ మేడం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చేతుల వెనక నుంచి ఎనిమిదేళ్ల పిల్ల గొంతు వచ్చింది. "నాన్నా!" అంది. ఏడుపు కాదది.

చాచా నేల మీద నుంచే పిడికిలి ఎత్తాడు. కళ్లు ఉరిమి, పళ్లు నూరి, గది దద్దరిల్లేలా తెలుగులో అరిచాడు.

"ఒరేయ్ ఆర్థరూ! నన్ను గన్ని వందలసార్లు ఎత్తి ఏసినవ్, ఒక్కనాడు సుత దెబ్బ తాకనియ్యలేదు గదరా! నా పెయ్యి మీద ఒక్క గాయం లేదురా, నీ పుణ్యమే! నాకు తోడవుట్టినోళ్లు ఉన్నా నీ అసొంటోడు లేడురా! ముందుగాల నువ్వు పో! ఎనుకనే నేనొస్త! ఆడ సుత నువ్వే గెలువు, నేనే ఓడుత!"

వినేవాడికి ఏడు తరాల శాపంలా ఉంది. మంచం మీద ఆర్థర్‌కు ఒక్క ముక్క అర్థమై ఉండదు. కానీ ఆయన ఎడం చెయ్యి దుప్పటి మీద నుంచి లేచి, బొటనవేలితో తలుపు చూపించింది. పో బయటికి అని. కన్ను నిండా నీళ్లు.

సెక్యూరిటీ వాళ్లు వచ్చి చాచాను రెక్కలు పట్టి లేపి, చక్రాల కుర్చీలో కూలేసి, వరండాలోకి తోసుకొచ్చారు. లిఫ్ట్ కోసం నిలబడ్డాం. వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. సూజన్ మేడం.

"ఏమన్నాడు వాడు?" అని నన్ను అడిగింది. "ఆ అరిచిందంతా ఏమిటి?"

చాచా మాకు వీపు పెట్టి కుర్చీలో ఉన్నాడు. మోసం మోసమేనని నెలల తరబడి ఆయనతో పోట్లాడినవాణ్ని నేను. ఆమె కళ్లలోకి సూటిగా చూశాను.

"వదిలిపెట్టనన్నాడు మేడం," అన్నాను. "లేచి రా, ఈసారి నీ అంతు చూస్తానన్నాడు."

ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తల నిటారుగా లేచింది. "వాడి తరం కాదు," అంది. "చూశావా? మూడు రోజులుగా చెంచా ఎత్తలేని చెయ్యది. ఎలా కొట్టాడో చూశావా మా నాన్న?"

"చూశాను మేడం. అలాంటి దెబ్బ నేనెక్కడా చూడలేదు."

ఆమె చూపు చక్రాల కుర్చీ మీదికి పోయింది. చాచా భుజాలు కదులుతున్నాయి. ఆయన నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు. అల్ వక్రా ముసలి నవాబు తల ఒళ్లోకి వంచుకొని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"బాగా తగిలినట్టుంది," అంది సూజన్ మేడం తృప్తిగా.

"బాగా తగిలింది మేడం," అన్నాను.